గోడకు ఇవతల గడ్డికోత

ఏప్రిల్ నెలాఖరు. ఆల్ప్స్ కొండల్లో ఒక వేటవిడిది. నలభై దాటిన ఒక ఆడమనిషి, భర్త పోయినావిడ, రెండు మూడు రోజులు గడుపుదామని చుట్టాలతో కలిసి అక్కడికి వచ్చింది. ఆ సాయంత్రం ఆమెకు అక్క వరసైన లూయీజె, ఆమె భర్త హూగో కుక్కను వెంటబెట్టుకుని కింద ఊళ్ళోకి నడిచి వెళ్ళారు. కుక్క ఒక్కటే తిరిగి వచ్చింది. తెల్లవారాక ఆమె వాళ్ళను వెతుక్కుంటూ లోయదారి పట్టింది. ముందు పరుగెడుతున్న కుక్క ఉన్నట్టుండి మూలిగింది. మూతి నిండా నెత్తురు. ఏమైందోనని నాలుగడుగులు వేసేసరికి ఆమె నుదురు దేనికో కొట్టుకుంది. ఎదురుగా దారి ఉంది, వాగు ఉంది, ఎండ ఉంది. అడ్డం ఏమీ లేదు. చెయ్యి చాపి చూస్తే చల్లగా, నున్నగా తగిలింది.

ఆ కనబడని గోడకు అవతల, కొంచెం దూరంలో, ఒక ముసలాయన నీటితొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. దోసిట్లో నీళ్ళు పట్టి ముఖం కడుక్కోబోతున్నాడు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆ చెయ్యి మాత్రం ముఖం దాకా చేరలేదు, ఇక చేరదు. గోడకు అవతలి ప్రాణులన్నీ ఎక్కడివక్కడ రాయైపోయాయి.

ఇంతే అద్భుతం. మార్లెన్ హౌస్‌హోఫర్ 1963లో అచ్చువేసిన 'డీ వాండ్', అంటే 'గోడ' అనే నవలలో ప్రకృతి నియమాన్ని దాటిన సంగతి ఇదొక్కటే. మొదటి పాతిక ముప్పై పేజీల్లో జరగవలసిన వింత జరిగిపోతుంది. ఆ తర్వాత నవలంతా ఏముంటుంది? పాలు పితకడం, కట్టెలు కొట్టడం, బంగాళాదుంపలు నాటడం, గడ్డి కోయడం, ఎండబెట్టడం, చేరవేయడం. గోడ ఎవరు కట్టారో తెలియదు, ఎందుకు కట్టారో తెలియదు, దాని అవతలి అంచు ఎక్కడుందో తెలియదు. ఏదో పెద్ద దేశం కనిపెట్టిన కొత్త ఆయుధమై ఉంటుందని ఆమె మొదట్లో ఊహిస్తుంది. గెలిచినవాళ్ళు వస్తారేమో అని చూస్తుంది. ఎవరూ రారు. ఈలోగా ఆవుకు మేత కావాలి.

ఈ నవల చదివాక నాకు సాహిత్యదర్పణంలోని ఒక మాట కొత్తగా అర్థమైంది. రసానికి సారం చమత్కారం, కాబట్టి ఏ రసాన్ని తరచి చూసినా లోపల అద్భుతమే ఉంటుందని విశ్వనాథుడు తన పూర్వీకుడైన నారాయణుడి మతంగా చెప్పాడు. చదువుకునే రోజుల్లో అది ఇంటి పెద్దల మీది గౌరవంతో అన్న మాటలా తోచేది. హౌస్‌హోఫర్ చేసిన పని ఆ మాటకు నిలువెత్తు సాక్ష్యం. అద్భుత రసానికి స్థాయి విస్మయం అంటాం. ఈ నవలలో విస్మయం గోడ దగ్గర పుడుతుంది, కానీ గోడను పట్టుకుని వేలాడదు. అక్కణ్ణించి మెల్లగా కదిలి ఆవు పొదుగులోకి, బంగాళాదుంప మొలకలోకి, కుక్క కళ్ళలోకి, పిల్లి కడుపు వెచ్చదనంలోకి చేరుతుంది. పుస్తకం సగానికి వచ్చేసరికి గోడ మామూలు సంగతైపోతుంది. చూడి ఆవు ఈనడం మాత్రం ఊపిరి బిగబట్టి చదవవలసిన మహాద్భుతమౌతుంది.

జర్మన్ భాషలో ఊహాకథకు ఈ పద్ధతి పాతదే. 1816లో వచ్చిన హోఫ్‌మాన్ 'ఇసుక మనిషి'లో నతానియెల్ మనసిచ్చిన ఒలింపియా మరబొమ్మ. ఆ ఒక్కటి పక్కన పెడితే మిగిలిందంతా విద్యార్థుల గదులు, ప్రొఫెసర్ల ఇళ్ళు, ఉత్తరాలు. 1915 నాటి కాఫ్కా 'రూపాంతరం'లో అసంభవం మొదటి వాక్యంతోనే జరిగిపోతుంది. తక్కిన కథంతా అద్దె, అప్పు, ఉద్యోగం, చెల్లెలి సంగీతం. 1952లో స్విస్ రచయిత డ్యూరెన్‌మాట్ 'సొరంగం' రాశాడు. ఒక లావుపాటి విద్యార్థి ఎప్పుడూ వెళ్ళే రైలే ఎక్కుతాడు, ఎప్పుడూ దాటే చిన్న సొరంగంలోకే రైలు వెళుతుంది, ఈసారి సొరంగం అయిపోదు. అంతే మార్పు. ఈ రచయితలు పాఠకుణ్ణి ఒకే ఒక్క అబద్ధం నమ్మమంటారు. ఆ తర్వాత ఒక్కటి కూడా అదనంగా అడగరు. ఆ ఒక్కదాన్ని నిలబెట్టడానికి తక్కినవన్నీ నిఖార్సైన నిజాలు పేరుస్తారు.

వేరే దారి లేకపోలేదు. కుర్ట్ లాస్విట్స్ 1897లోనే 'రెండు గ్రహాల మీద' అనే పెద్ద నవలలో కుజగ్రహవాసుల్ని ఉత్తర ధ్రువానికి దింపాడు. 1961 సెప్టెంబరులో మొదలైన 'పెరీ రోడాన్' వారపత్రిక నవలలు నక్షత్రమండలాలన్నీ చుట్టివచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. వాటి వైభవం వాటిది. నన్ను మాత్రం కట్టిపడేసేది ఒక్క అబద్ధం దారి. ఆ దారిలో వెళ్ళినవాళ్ళలో కూడా హౌస్‌హోఫర్‌ది ప్రత్యేకమైన అడుగు. హోఫ్‌మాన్, కాఫ్కా, డ్యూరెన్‌మాట్ కథల్లో వింత మనిషిని మింగేస్తుంది. ఇక్కడ మనిషి వింతను పక్కకు నెట్టి పనిలో పడుతుంది.

ఆ పని ఎలా రాసిందో దగ్గరగా చూడాలి. యుద్ధం వస్తుందని భయపడే హూగో డబ్బున్నవాడు, వేటవిడిదిని సామానుతో నింపి పెట్టాడు. ఆ భయమే ఇప్పుడు ఆమెకు బతుకుదెరువు. అగ్గిపెట్టెలు లెక్క చూసుకుంటుంది. తుపాకీ గుళ్ళు లెక్క చూసుకుంటుంది. కొన్ని బంగాళాదుంపలు, కొన్ని చిక్కుడు గింజలు ఉన్నాయి. నోటికి ఎంత ఆశగా ఉన్నా తినకుండా విత్తనానికి దాస్తుంది. గోడ ఎటు సాగిందో గుర్తుండటానికి దాని వెంబడి పుల్లలు పాతుతుంది. కనబడని దానికి కనబడే గీత అన్నమాట. లోకాంతం లాంటి సంఘటనకు ఒక మనిషి ఇచ్చే జవాబు ఇంత చిన్నదిగా, ఇంత సరిగ్గా ఉండటం నేను మరెక్కడా చదవలేదు.

గడ్డికోత పేజీలు వేరే లెక్క. ఆ తొలి రోజుల్లోనే ఒక ఆవు అరుచుకుంటూ కనబడుతుంది. దానికి బెల్లా అని పేరు పెడుతుంది. ఆవు దొరికిందన్న సంతోషం వెంటనే బరువు కూడా వస్తుంది: ఇక కొండ దాటి ఎటూ పోలేదు, పొద్దున సాయంత్రం పాలు పితకాలి, చలికాలమంతటికీ మేత పోగెయ్యాలి. వాగు ఒడ్డు పచ్చికలో పొడుగు పిడి కొడవలితో ఒక్కతే కోస్తుంది. పొద్దెక్కకముందే దిగాలి, మంచు తడి ఉండగానే గడ్డి కోతకు లొంగుతుంది. కోసింది తిరగెయ్యాలి, వాన వచ్చేలోగా కుప్ప పెట్టాలి, కొట్టానికి మొయ్యాలి. ఒళ్ళు హూనమై, తిండి మీద కూడా ధ్యాస లేక పడుకుంటుంది. మళ్ళీ తెల్లవారుతుంది. రచయిత్రి ఇందులో ఒక్క ఉపమానం వాడదు, శ్రమను పొగడదు, పల్లె బతుకు మీద మోజు కనబరచదు. ఎంత కోసింది, ఎంత మిగిలింది, ఆకాశం ఎలా ఉంది, అంతే చెబుతుంది. చదువుతున్న నాకు మాత్రం ఆకాశంలో మబ్బు కనబడితే గుండె గుబేలుమనేది. ఆ గడ్డి తడిస్తే బెల్లా ఏమౌతుందోనని భయం. ఒక పచ్చిక బయలు ఎండుతుందా లేదా అన్నదాని మీద ఇంత ఉత్కంఠ నిలబెట్టగలగడం మామూలు ప్రతిభ కాదు. లోకమంతా రాయైపోయాక మిగిలిన ఒక్క మనిషికి ఆ గడ్డిమోపు ఎంత బరువో పాఠకుడి భుజానికి తెలుస్తుంది. గోడ అన్న ఆ ఒక్క కల్పన లేకపోతే ఇదంతా వ్యవసాయ దినచర్య. గోడ ఉంది కాబట్టి ప్రతి మోపూ ప్రాణమంత విలువైంది. ఊహాసాహిత్యం చెయ్యగలిగిన అతి గొప్ప పని ఇదేనని నా నమ్మకం.

కథనంలో అధ్యాయాలు లేవు, విరామాలు లేవు. నవంబరు 5న రాయడం మొదలుపెట్టానని ఆమె తేదీ వేసి చెబుతుంది. పాత క్యాలెండర్ల వెనక, దొరికిన కాగితాల మీద, రెండున్నరేళ్ళ బతుకును రాస్తూ పోతుంది. ఎవరైనా చదువుతారన్న ఆశ లేదు. మతి చెదరకుండా ఉండటానికి రాస్తోంది. మాటలు పొడిగా, పొట్టిగా, ముక్తసరిగా ఉంటాయి. తనకొక పేరుందని, పిలిచేవాళ్ళు లేక అది దాదాపు మరిచిపోయానని ఒకచోట అంటుంది. ఆ పేరు మనకు చివరిదాకా చెప్పదు. కానీ చాలా జంతువులకు పేర్లున్నాయి. కుక్క లుక్స్. ఆవు బెల్లా. అడవిదారిన వచ్చి చేరిన ముసలి పిల్లి, దానికి పుట్టిన తెల్లటి పిల్లికూన పెర్లె, తర్వాతి ఈతలో టైగర్. పేరు అంటే పిలుపు, పిలుపు అంటే బాధ్యత అన్నది ఆమె ఎక్కడా అనదు. ఎవరికి పేరుంది, ఎవరికి లేదు అన్నది చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఇక లుక్స్. నేను చదివిన ఏ భాష నవలలోనూ ఒక జంతువు ఇంత పూర్తిగా, ఇంత నిజాయితీగా బతికినట్టు గుర్తులేదు. లుక్స్ మాట్లాడదు, మనిషిలా ఆలోచించదు, త్యాగమూర్తి కాదు. అది కుక్క, మంచి వేటకుక్క. ఆమె అడుగు తీస్తే తోక ఊపుతుంది, ఆమె దిగులుగా కూర్చుంటే వచ్చి తల ఆనిస్తుంది, బయటికి పోదాం రమ్మని గోల చేస్తుంది. అంతకు మించి ఏమీ చెయ్యదు. కానీ లుక్స్ చనిపోతుందన్న సంగతి రచయిత్రి మొదట్లోనే చెప్పేస్తుంది. ఎలా అన్నది చెప్పదు. మళ్ళీ కొన్ని పేజీలకు, ఏ సందర్భమూ లేకుండా, లుక్స్ లేని లోటు ఒక ముక్కలో వచ్చి పోతుంది. ఇంకొన్ని పేజీలకు మళ్ళీ.

ఇదొక గడుసైన ఎత్తుగడ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దుఃఖం నిజంగా ఇలాగే వస్తుంది. పోయినవాళ్ళ మంచిరోజుల గురించి చెబుతున్నవాళ్ళు మధ్యలో ఆగుతారు. ఆ ఆగడాన్నే ఆమె వాక్యనిర్మాణంగా మార్చింది. దాంతో ఒక విచిత్రం జరుగుతుంది. లుక్స్ మంచులో గంతులేస్తున్నా, లేడి జాడ పట్టినా, పొయ్యి పక్కన నిద్రపోతున్నా, ఆ సంతోషం మీద నీడ పడుతూనే ఉంటుంది. కరుణకు శోకం స్థాయి అని లక్షణం చెప్పినవాళ్ళు దానికి ముందు ప్రేమ ఎంత ఉండాలో లెక్క చెప్పలేదు. ఈ నవల ఆ లెక్క చెబుతుంది. రాబోయేది తెలిసి కూడా, తెలిసినందుకే, మనం ఆ కుక్కను ఒక్కో పేజీ ఎక్కువ ప్రేమిస్తూ పోతాం.

ఆమె కరుణామూర్తి కూడా కాదు. మాంసం కోసం లేళ్ళను కాల్చాలి. ఆ పని ఆమెకు చివరిదాకా అలవాటు కాలేదు. ప్రతిసారీ చెయ్యి వణికి, మనసు చెడి, అయినా చేస్తుంది, ఎందుకంటే లుక్స్‌కు తిండి పెట్టాలి, తనూ తినాలి. చంపడాన్ని సమర్థించుకునే మాట ఒక్కటీ రాయకపోవడం ఈ పుస్తకపు నైతిక బలం.

రెండో వేసవిలో ఆమె ఆవునూ దూడనూ తోలుకుని కొండపైనున్న పచ్చిక బయలుకు పోతుంది. ఆల్ప్స్ ప్రాంతాల్లో పశువుల్ని వేసవికి పైకి తోలడం తరతరాల ఆచారం. నవలలో శాంత రసం ఉట్టిపడే ఘట్టం ఇదే. సాయంత్రాలు గుడిసె ముందు బల్ల మీద కూర్చుని ఆకాశం చూస్తుంది. చుక్కలంటే చిన్నప్పటి నుంచీ ఉన్న భయం పోతుంది. తను వేరు, ఈ గడ్డి వేరు, ఈ పశువులు వేరు అన్న హద్దు పలచబడుతుంది. ఏదో పెద్ద ప్రాణంలో తానొక భాగంగా కరిగిపోతున్నట్టు ఉంటుంది. సాధారణ రచయిత అయితే ఇక్కడే ఆగి, ముక్తి దొరికిందని ముగించేవాడు. హౌస్‌హోఫర్ ఆగదు. మరుసటి వేసవి మళ్ళీ అదే కొండ ఎక్కుతుంది. అదే గుడిసె, అదే బల్ల, అవే చుక్కలు. నిరుటి పారవశ్యం మాత్రం రాదు. ఎందుకు రాలేదో వివరణ ఉండదు. పిలిస్తే వచ్చేది కాదని తెలుసుకుని, పాలగిన్నె కడుక్కుంటుంది. శాంతం మీద ఇంత నిజమైన రాత అరుదు. దొరికినప్పుడు దాన్ని వరమంటాం, మళ్ళీ దొరకనప్పుడు మాత్రం నోరు విప్పం. ఆమె రెండూ రాసింది.

ఆ మూడో వేసవి చివర జరిగిన సంగతి దాదాపు ఒక పేజీలో అయిపోతుంది. కింద పని చూసుకుని లుక్స్‌తో పైకి వచ్చేసరికి, పచ్చికలో ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళూ తను ఒక్కతే అనుకుంది. అతని చేతిలో గొడ్డలి. కాళ్ళ దగ్గర బెల్లా కన్న కోడె చచ్చి పడి ఉంది. లుక్స్ అతని మీదికి దూకింది. గొడ్డలి లేచింది. ఆమె గుడిసెలోకి పరుగెత్తి తుపాకీ తెచ్చి అతన్ని కాల్చింది. అప్పటికే ఆలస్యమైంది.

లోకంలో మిగిలిన రెండో మనిషి అతను. అతనెవరు, ఎక్కణ్ణించి వచ్చాడు, కోడెను ఎందుకు చంపాడు, ఏమీ తెలియదు. శవాన్ని కొండ మీంచి కిందికి దొర్లించేస్తుంది. లుక్స్‌ను పూడ్చిపెడుతుంది. ఈ రెండు పనుల మధ్య తేడాలోనే ఆమె తీర్పు ఉంది. ఈ ఘట్టం మీద చాలామంది ఆడ-మగ చర్చ నడిపారు, అందులో న్యాయం ఉంది. కానీ నాకు అంతకంటే లోతుగా తగిలింది ఆ వేగం. రెండున్నరేళ్ళు పోగేసుకున్న లోకం, గడ్డిమోపు గడ్డిమోపుగా కట్టుకున్న లోకం, చదువరి ఊపిరి తీసుకునేలోగా సగం కూలిపోతుంది. వందల పేజీల నెమ్మది ఆ ఒక్క పేజీ కోసమే దాచిపెట్టారనిపిస్తుంది. హింసను ఇంత తక్కువ మాటల్లో చెప్పడం వల్లే అది ఇంత భయానకమైంది.

హౌస్‌హోఫర్ 1920 ఏప్రిల్ 11న ఎగువ ఆస్ట్రియాలోని ఫ్రావెన్‌స్టైన్‌లో పుట్టింది. తండ్రి అటవీ ఉద్యోగి. అడవి, వేట, కలప, పశువులు ఆమె పుస్తకాల్లో చదివి నేర్చినవి కావు. తర్వాత స్టైర్ పట్టణంలో దంతవైద్యుడి భార్యగా, ఇద్దరు కొడుకుల తల్లిగా ఇల్లు చక్కబెడుతూ రాసుకుంది. అందుకే ఆ వేటవిడిదిలో పొయ్యి వెలిగించే ప్రతి వాక్యమూ అనుభవం మీద నిలబడి ఉంటుంది. 'గోడ' వచ్చిన ఏడాదే ఆమెకు ఆర్థర్ ష్నిట్స్‌లర్ బహుమతి వచ్చింది. యాభై నిండకుండానే, 1970 మార్చి 21న వియన్నాలో కన్నుమూసింది. ఆ తర్వాత పుస్తకాన్ని లోకం చాలావరకు మరిచిపోయింది. 1980లలో స్త్రీవాద పాఠకులు దాన్ని వెలికితీశారు. 1990లో షాన్ వైట్‌సైడ్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 2012లో యూలియన్ ప్యోల్స్‌లర్ సినిమా తీశాడు. మార్టీనా గెడెక్ నటన ఎంతో నిబ్బరంగా ఉంటుంది. అయినా తెర మీద ఆ కొండలు మరీ అందంగా ఉన్నాయి. పుస్తకంలో ఆమెకు అందం చూసే తీరిక చాలా అరుదుగా దొరుకుతుంది, దొరికినప్పుడు అది మనకూ దొరుకుతుంది.

నవల వెలువడటానికి రెండేళ్ళ ముందు, 1961 ఆగస్టులో, బెర్లిన్ నగరం మధ్య గోడ లేచింది. 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభంతో ప్రపంచం అణుయుద్ధం అంచు దాకా వెళ్ళింది. ఆనాటి పాఠకులు ఈ గోడలో ఆ భయాన్ని చదువుకున్నారు. తర్వాతి తరం స్త్రీలు ఇల్లనే గోడను చదువుకున్నారు. ఇప్పటివాళ్ళు ప్రకృతి వినాశనాన్ని చదువుకుంటున్నారు. హూగో కొనుక్కున్న ఖరీదైన మెర్సిడెస్ కారు విడిది ముందు తుప్పు పడుతూ, తీగలు కప్పేసి, ఎలుకలకూ పిట్టలకూ గూడైపోయే వర్ణన చదివితే వాళ్ళ మాటా కాదనలేం. ఎవరు ఏ అర్థం తెచ్చినా గోడ దేనికీ లొంగదు. దాన్ని ప్రతీకగా మార్చే వాక్యం ఒక్కటి కూడా రాయకుండా రచయిత్రి నిగ్రహించుకుంది కాబట్టే అది అన్నిటికీ ప్రతీక కాగలిగింది. చెయ్యి పెడితే చల్లగా, నున్నగా తగులుతుంది. అంతవరకే ఆమె హామీ ఇచ్చింది.

ఫిబ్రవరి 25న కాగితం అయిపోవడంతో రాత ఆగుతుంది. ఆమె బతికే ఉంది, బెల్లా బతికే ఉంది, ఒక తెల్ల కాకి ఉంది. దాని రంగు చూసి తక్కిన కాకులు దాన్ని దగ్గరికి రానివ్వవు. దానికి మేత పెట్టే పని ఆమెకు మిగిలింది.

ఈ నవల దొరికితే ఒక్క మాట గుర్తుంచుకోండి. గోడ రహస్యం తేలుతుందేమోనని పేజీలు తిప్పకండి, అది తేలదు. కథ కదలడం లేదనిపించి గడ్డికోత పేజీలు దాటెయ్యకండి. కథ అక్కడే ఉంది.